మా నాన్నను చంపి బతికించిన మహాసభ

ప్రపంచాన్ని నడిపిస్తున్నామనుకునే వ్యాపార దిగ్గజాలు ఏటా ఒకసారి ఏదో చలిదేశంలో కలుసుకుంటారు. అక్కడ వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో భిలాయి మొత్తం మీద అందరికంటే ముందు నాకు తెలుస్తుంది. గొప్పకు చెప్పడం లేదు. నా ఉద్యోగం అది. భిలాయిని ఆనుకున్న రిసాలిలో మా ఇంటి ముందుగదిలో, ఒకప్పుడు అమ్మ కుట్టుమిషను ఉన్నచోట నా టేబులుంది. దాని మీద కంప్యూటర్ పెట్టుకుని, వాళ్ళ మాటలకు తెరమీద కింద పడే తెలుగు అక్షరాలను సరిచేస్తుంటాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో ఇక్కడికొచ్చి ఉక్కు ప్లాంటులో చేరాడు. రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నేను సెక్టర్ 6 క్వార్టర్లో పుట్టాను. బడిలో అంతా హిందీ. తెలుగు మాత్రం అమ్మ వరండాలో పలక పెట్టి నేర్పింది. ఆ పలక తెలుగే నాకు యాభై ఏళ్ళ వయసులో అన్నం పెడుతుందని ఆవిడకు తెలియదు. నేను పాఠాలు చెప్పిన బడి మూతపడ్డాక, బెంగళూరులో ఉందని చెప్పుకునే ఒక సంస్థ నన్ను పనిలోకి తీసుకుంది. మొదట్లో ఇంగ్లీషు విని నేనే తెలుగులోకి అనువదించేదాన్ని. తరవాత యంత్రం వచ్చింది. ఇకమీదట మీకు శ్రమ ఉండదు, అది రాసింది సరిచూస్తే చాలునన్నారు. పేరు కూడా పెంచారు. అంతకుముందు అనువాదకురాలిని, ఆ రోజు నుంచి భాషా నాణ్యతా భాగస్వామిని. వంటమనిషిని వంట మాన్పించి, ఇంకెవరో వండిన పప్పులో రాళ్ళేరమన్నట్టు, నా శ్రమ అంతటితో తీరిపోయింది.

నాకు పని పంపేది ఒక అమ్మాయి. గొంతును బట్టి పాతికేళ్ళుంటాయి. ఢిల్లీ వైపు హిందీ. ప్రతి మాటకీ ముందూ వెనకా మేడమ్ అంటుంది. మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఆ జనవరిలో ఆమె పంపిన పని ఒక చర్చ. అయిదు తెల్లకుర్చీలు, అయిదుగురు పెద్దమనుషులు, ఎవరూ ముట్టని అయిదు నీళ్ళ గ్లాసులు. కృత్రిమ మేధను స్కేల్ చేయడమెలా అన్నది విషయం. మిల్లు మోతకు నాన్న చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. కాబట్టి మా ఇంట్లో ఏది విన్నా వీధంతా వింటుంది. టీ గ్లాసు పట్టుకుని నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏటంతన్నారే గుంటా, ఆ తెల్లకుర్సీలోలు?"

"కృత్రిమ మేధను స్కేల్ చెయ్యాలంటున్నారు నాన్నా."

"స్కేలా? స్కేలంటే కాలిన ఉక్కు మీద కట్టీ పొక్కు కదేటి. మా మిల్లులో జోరుగా నీళ్ళు కొట్టి ఊడగొట్టీసీవోలం. ఉంచితే సరుకు పాడైపోద్ది."

"అది కాదు నాన్నా. పెద్దది చెయ్యడం. ఒకచోట చేసింది అన్నిచోట్లా చెయ్యడం."

"ఒకసోట అయిందేటి మరి?"

నేను జవాబు వెతుక్కునే లోపే తెరమీది బ్యాంకు పెద్దాయన ఆ పని చేసిపెట్టాడు. ఎక్కువ కంపెనీల్లో ఇంకా ఒకచోట కూడా సరిగ్గా కాలేదట. అందుకనే అన్నిచోట్లా చెయ్యాలట. మిగిలిన నలుగురూ తలలూపారు. నాన్న కూడా ఊపాడు. పెద్దవాళ్ళ సభల్లో తలూపడం ఆయనకు ప్లాంటులోనే అలవాటు.

నాన్న పొక్కు దగ్గర ఆగితే, యంత్రం స్కేలంటే చేప పొలుసనుకుని చేపల బజారుకు వెళ్ళింది. 'కృత్రిమ మేధకు పొలుసులు తీయడమే మన తరం ముందున్న సవాలు' అని ఆ పెద్దాయన నోట పెట్టింది. సూటు వేసుకుని, టై కట్టుకుని, కత్తిపీట ముందు కూర్చున్న మనిషి నా కళ్ళకు కట్టాడు. దిద్దాను. తరవాత ఒకావిడ, కంప్యూటర్ మెదళ్ళు అమ్మే కంపెనీకి అధినేత్రి, ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన పైలట్ ప్రాజెక్టుల గురించి మాట్లాడింది. యంత్రం 'మా విమాన చోదకులలో చాలామంది నేలను వదలకముందే మరణిస్తున్నారు' అని రాసింది. ఆవిడ ఆ మాట చిరునవ్వుతో అంది. సభ ఘొల్లుమంది. తెరమీద అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్న నాన్న గ్లాసు కింద పెట్టేశాడు.

"అంతమంది సచ్చిపోతే నవ్వుతారేటే?"

ఆ వాక్యమూ దిద్దాను. అలా మధ్యాహ్నం దాకా దిద్దుతూనే ఉన్నాను. ఒక్కచోట మాత్రం నా వేలు ఆగింది. యంత్రం ఎంత తెలివైనదైనా దాని పక్కన సరిచూసే మనిషి ఒకరుండాలని పెద్దలు మాట్లాడుకుంటారు. దానికి వాళ్ళ ఇంగ్లీషులో ఒక మాటుంది. అందులో లూప్ అనే పదం వస్తుంది. యంత్రం దాన్ని 'ప్రతి ఉచ్చులోనూ ఒక మనిషిని తప్పక ఉంచుతామని మాట ఇస్తున్నాం' అని రాసింది. ఆ మనిషిని నేనే కదా. ఇందులో తప్పేముందో నాకు చాలాసేపు అర్థం కాలేదు. చివరికి దిద్దేశాను, ఉద్యోగం కాబట్టి.

రెండు రోజుల తరవాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతులో పండగ.

"మేడమ్, మీరు సెలెక్టయ్యారు! మీలాంటి వాళ్ళను సభ చివరి రోజున చూపిస్తారట. చిన్న ఊరు, మాతృభాష, యంత్రంతో కలిసి పని... రెండు నిమిషాల వీడియో. మీ భాషలోనే మాట్లాడండి. మీ మనసులో ఉన్నదే చెప్పండి."

"మనసులో ఉన్నదేనా?"

"అవును మేడమ్. సహజంగా ఉండాలన్నారు. ఎలా ఉంటే సహజంగా ఉంటుందో మెయిల్‌లో పంపాను."

మెయిల్ చూశాను. సహజత్వానికి సంప్రదాయ దుస్తులు, నుదుట బొట్టు, వెనకాల పొగగొట్టాలు కావాలట. మా ఇంటి వెనకాల పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనిపించదు. అందుకని, డాబా మీంచి ప్లాంటు గొట్టాలు కనిపించే, సెక్టర్ 6లో మేము ఒకప్పుడున్న క్వార్టర్‌కు వెళ్ళాం. ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్ళు మంచివాళ్ళు, డాబా మీదికి వెళ్ళనిచ్చారు. వీడియో అనగానే నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాకంటే ముందు తయారయ్యాడు. మెట్టుకోసారి ఆగుతూ డాబా ఎక్కాడు.

వీడియో తీయడానికి వచ్చినాయన పెళ్ళిళ్ళు తీసేవాడు. నలభై దాటినవాడు. తాతల కాలంలో విజయనగరం నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం సగం హిందీయే వస్తుంది. ఎంత చెప్పినా ఆయనకు నేను పెళ్ళికూతురిలాగే కనిపిస్తున్నాను.

"దీదీ, కళ్ళు థోడా నీచే... హా... ఇప్పుడు ధీరేసే పైకి చూడండి. బహుత్ అచ్ఛా!"

ముందురోజు అద్దం ముందు నిలబడి పుస్తకాల తెలుగులో నాలుగు మాటలు బట్టీ పట్టాను. కెమెరా ఎర్రదీపం వెలిగేసరికి పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన ముందు పుస్తకాల తెలుగు నాకు నోరు తిరగదు. ఇంట్లో మాట్లాడే మాటే వచ్చేసింది.

"నానేటి సెప్పాల? ఈ మిషను తెలుగు రాస్తాది. తప్పులు రాస్తాది. నాను దిద్దుతాను. నాను దిద్దింది సూసి అది నేర్సుకుంటాది. రేపు నాతో పనిలేదని మీరే సెప్తారు. సెప్పండి, పర్లేదు. గానీ ఆ ముక్క సెప్పడానికైనా ఒకరోజు ఒచ్చి నా పక్కన కూకోండి. తెల్లకుర్సీ లేదు, పళాస్టిక్ కుర్సీ ఉంది."

పెళ్ళిళ్ళాయన కెమెరా దించబోతుంటే నాన్న చెయ్యెత్తాడు.

"బంద్ మత్ కరో బాబూ. నానూ ఒక ముక్క సెప్తాను." కెమెరా వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "మా మిల్లులో ఉక్కు రంగు సూసి వేడెంతుందో నాను సెప్పీవోణ్ణి. మీటరు అక్కర్లేదు. కంప్యూటర్ ఒచ్చినప్పుడు ఒక ఇంజినీరు సాబు మూడు నెల్లు నా పక్కన నిలబడి, నాను సెప్పిందల్లా కాపీ పుస్తకంలో రాసుకున్నాడు. మంచోడే. ఆ తరవాత కంప్యూటరే సెప్పడం మొదలెట్టింది. సాబుకి పెద్ద మీటింగులో దండ ఏసినారు. నాకు స్టీలు డబ్బా ఇచ్చి పంపీసినారు. డబ్బా కూడా మంచిదే. మూత ఇప్పటికీ గట్టిగా పడతాది."

ఈ కథ నేనెప్పుడూ వినలేదు. ఆ డబ్బాలో మా ఇంట్లో చింతపండు ఉంటుంది. ప్లాంటులో అందరికీ ఇచ్చి ఉంటారనుకున్నాను ఇన్నాళ్ళూ. కిందికి దిగుతుంటే అడిగాను, ఎందుకు చెప్పలేదని. "నువ్వడిగినావేటి?" అన్నాడు.

సభలో మా వీడియో వేసే రోజు మధ్యాహ్నం ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మళ్ళీ తెల్లకుర్చీలు. అందరికీ అందేలా, ఎవరినీ వదిలిపెట్టకుండా స్కేల్ చేయాలని ఒకాయన అంటున్నాడు. ఆయన వెనకాల పెద్ద తెర వెలిగింది. అందులో నేను. నా వెనక పొగగొట్టాలు. నాన్నను వదిలిపెట్టేశారు. నా పక్కన ఆయన ఇస్త్రీ చొక్కా భుజం ఒక్కటి మిగిలింది.

రెండు నిమిషాలు అర నిమిషమయింది. పెదవులు నావి, గొంతు మాత్రం ఎవరో అమ్మాయిది, తేనె రాసినట్టున్న ఇంగ్లీషు. నేను ఒక మారుమూల పల్లెటూరి స్త్రీనని, యంత్రం నా చెయ్యి పట్టుకుని లోకాన్ని చూపించిందని, ప్రతిరోజూ దాని నుంచి నేర్చుకుంటున్నానని, మీరంతా ఒకరోజు వచ్చి నా పక్కన కూర్చుంటే ధన్యురాలినని ఆ గొంతు చెప్పింది. ఆసియాలోనే పెద్ద రైలు పట్టాల మిల్లుల్లో ఒకటున్న ఊరు క్షణంలో మారుమూల పల్లె అయిపోయింది. అదైనా సహించేదాన్ని. చివరి వాక్యం వింటూ నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఉక్కును ప్రేమించిన నా దివంగత తండ్రిని ఉక్కు పేటికలో పెట్టి సాగనంపారని, ఆయన కల ఈ రోజు నెరవేరిందని చెప్పింది ఆ గొంతు.

సభ ఒక్క క్షణం మౌనం పాటించింది. బ్యాంకు పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

నాన్న ముఖం వెలిగిపోయింది. "నా గురించేనేటే? డబ్బా ముక్క సెప్పినారా? అందరూ గుండెల మీద సేతులేసుకున్నారు!"

"నువ్వు పోయావని చెప్పారు నాన్నా."

"ఎక్కడికి?"

"పోయావని. చనిపోయావని."

కాసేపు తెరకేసి చూశాడు. "ఎప్పుడు?" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎందుకో ఏడుపొచ్చింది. నాన్న నా తల మీద చెయ్యి వేసి, "ఉండు, టీ ఎడతాను" అని లేచాడు. పోయిన మనిషి పెట్టిన టీ తాగాను.

ఆ ముక్క ఎవరో కత్తిరించి ఫోన్లలో తిప్పారు. మర్నాడు పొద్దున్నే గేటు ముందు మోపెడ్ ఆగింది. నాన్నతో ఇరవై ఏళ్ళు ఒకే షిఫ్టులో పనిచేసిన పెద్దాయన. వాళ్ళ మనవడు ఇంగ్లీషు విని చెప్పాడట. చేతిలో పూలదండ పొట్లం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలుపు తీసింది నాన్న.

పెద్దాయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. "నువ్వా?"

"నానే. రా, లోపలికి రా."

"మరి అంతంత పెద్దోలు సెప్పినారు కదరా?"

"నా సంగతి నాకంటే ఆలకెక్కువ తెలుసేటి?"

"తెల్దనుకో," అన్నాడు పెద్దాయన, పూర్తిగా నమ్మకం కుదరని గొంతుతో. "గానీ టీవీలో ఒచ్చినట్టే ఒచ్చింది."

ఇద్దరూ కూర్చుని రెండేసి గ్లాసులు టీ తాగారు. దండ వృథా చేయడమెందుకని వెళ్ళేటప్పుడు పూజగదిలో దేవుడి పటానికి వేశాడు. పోయినవాళ్ళ ఫోటోల పక్కన నాన్నది లేదని అక్కడొకసారి చూసి రూఢి చేసుకున్నాడనే నా అనుమానం.

వారం తిరక్కుండానే అసలు విచిత్రం నా టేబుల్ మీదికొచ్చింది. ఆ సభకు తెలుగు అక్షరాలు కావాలి. నేను తెలుగులో మాట్లాడింది ఇంగ్లీషయింది. ఆ ఇంగ్లీషును యంత్రం మళ్ళీ తెలుగు చేసింది. ఆ తెలుగును సరిచూడమని నాకే పంపారు. నా బొమ్మ కింద 'నేను సాధికారత పొందిన గ్రామీణ మహిళను' అని పడుతోంది. నా నోట ఆ మాట ఎలా ఉందంటే, మా నాన్నకు సూటు తొడిగినట్టుంది.

మొత్తం తుడిచేశాను. డాబా మీద నేను అన్నది అన్నట్టే రాశాను. మిషను తప్పులు రాస్తుందని, ప్లాస్టిక్ కుర్చీ ఉందని. నాన్న చెప్పింది కూడా చివరి వాక్యం స్థానంలో రాసి పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది, యంత్రం నుంచే. 'మీ పాఠం మూలంతో సరిపోలడం లేదు. మీ నాణ్యత మార్కులు తగ్గించబడ్డాయి.'

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"మూలంతో సరిపోలడం లేదంటోంది. ఆ మూలం నేనేనమ్మా."

"మేడమ్, సిస్టమ్‌లో మూలం అంటే ఇంగ్లీషు ఆడియో."

"ఆ ఇంగ్లీషుకు మూలం?"

మీటలు నొక్కుతున్న చప్పుడు. "అది... సిస్టమ్‌లో లేదు మేడమ్."

"సరే. మా నాన్న బతికే ఉన్నాడు. పక్కనే బఠాణీలు వలుస్తున్నాడు. ఇదైనా సిస్టమ్‌లో పెట్టడానికి వీలవుతుందా?"

మీటల చప్పుడు ఆగిపోయింది. ఆ తరవాత మేడమ్ లేకుండా మొదటిసారి మాట్లాడింది. "అయ్యో! నిజంగానా? నేను విన్నప్పుడు ఏడ్చాను కూడా. ఆగండి, పైవాళ్ళతో మాట్లాడతాను."

మాట్లాడింది. ఒకసారి కాదు. పైవాళ్ళు, వాళ్ళ పైవాళ్ళు, చివరికి ఎవరో లాయరు. బతికున్న మనిషిని పోయాడనడం చిక్కులు తెస్తుందని ఆ లాయరు చెప్పాడట. అందుకని ఒక్క దిద్దుబాటుకు ఒప్పుకున్నారు. ఆ చివరి వాక్యం తీసేసి అక్కడ వేణువు లాంటి సంగీతం పెట్టారు. మిగిలినదంతా అలాగే ఉంది. నేను ఇప్పటికీ పల్లెటూరి సాధికార మహిళనే. యంత్రం ఇప్పటికీ నా చెయ్యి పట్టుకునే ఉంది.

నాన్నకు చెప్పాను. "నన్ను బతికించీసినారు కదా, సాలు. నీ సంగతి నువ్వు సూసుకో," అన్నాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో పనులు పంపే మెయిళ్ళ తీరు మారింది. కింద ఆ అమ్మాయి పేరు ఉండటం లేదు. జవాబిస్తే, క్షణంలో తిరిగి జవాబొస్తోంది. అంత వేగంగా మనుషులు జవాబివ్వరు. ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆమే.

"నన్ను తీసేశారు దీదీ," అంది. మేడమ్ పోయి దీదీ వచ్చింది. "పనులు పంచే పని కూడా ఇప్పుడు యంత్రమే చేస్తుంది. పోయిన ఆరు నెలలూ నేను ఎవరికి ఏ పని ఎందుకు ఇస్తున్నానో రాసి పెట్టమన్నారు. రాసిచ్చాను."

ఇంతమంది పెద్దల ఇన్ని మాటలకు తెలుగు వెతికినదాన్ని, ఆ పిల్లకు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఇప్పుడేం చేస్తావని అడిగాను. చూడాలి అంది. మీ నాన్నగారు ఎలా ఉన్నారు అని అడిగింది. ఆమె గొంతు ఫోన్లోంచి ఎలా వినబడిందో గానీ, నాన్న చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.

"బేటీ, మై బోల్ రహా హూఁ. జిందా హూఁ," అన్నాడు, బతికే ఉన్నానని. అవతల ఆమె పకపకా నవ్వడం నాకు వినిపించింది. "ఖానా ఖాయా?"

తినలేదని చెప్పినట్టుంది. నాన్న కుర్చీలో వెనక్కి వాలి, తన ప్లాంటు హిందీలో ముందు అన్నం తినమని మొదలుపెట్టాడు. తరవాత వాళ్ళ ఊరేదో, నాన్నగారేం చేస్తారో, తమ్ముళ్ళెంతమందో అడిగాడు. ఆమె చెబుతూనే ఉంది. ఈయన అచ్ఛా అచ్ఛా అంటూనే ఉన్నాడు.

నేను తెరవైపు చూశాను. సగం దిద్దిన చర్చ మధ్యలో ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. మీరు చాలాసేపటి నుంచి పని చేయడం లేదు కాబట్టి ఈ పనిని మరో భాగస్వామికి బదిలీ చేశామని అందులో ఉంది. సరేనని నొక్కడానికి ఒక్క మీటే ఇచ్చారు. నొక్కి, నాన్న టీ చల్లారిపోతోందని, వేడి చేద్దామని గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ముందుగదిలోంచి ఆయన గొంతు వీధంతా వినిపిస్తోంది.